వెచ్చని కుర్చీలు

ఎల్సీ బారక్లఫ్ పొద్దున్న ఆరింటికి బన్నుల పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, ఆ గిన్నెని కిటికీ పక్కనున్న క్లిఫర్డ్ కుర్చీలో పెట్టేది. పిండి పొంగడానికి హార్డెన్‌షా ఊరు మొత్తం మీద అంతకంటే వెచ్చని చోటు లేదు. ఏడున్నరకల్లా గుడ్డ గుమ్మటంలా పైకి లేచేది. డోరీన్ వచ్చి, తడిసిన కోటు మేకుకి తగిలించి, గిన్నె లోపలికి తీసుకెళ్ళి, కుర్చీ ఒకసారి తుడిచి బల్ల కిందికి తోసేది. పన్నెండూ పదికి క్లిఫర్డ్ వచ్చి అందులో కూర్చునేవాడు.

ఎల్సీది ఉత్తర ఇంగ్లండు కొండల్లోని ఆ ఊళ్ళో, బస్టాండుకి ఎదురుగా ఉన్న చిన్న భోజనశాల. పదకొండు బల్లలు, వెనక వంటగది, మధ్య గోడకి కంచాలు అందించే కిటికీ. ఆవిడ భర్త స్టాన్లీ పోయి పదకొండేళ్ళయింది. వంటంతా ఆవిడే, వడ్డన డోరీన్. క్లిఫర్డ్ అట్లీ బస్సుల ఇన్‌స్పెక్టరు. యాభై ఎనిమిదేళ్ళవాడు, పెళ్ళి చేసుకోలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆదివారాలు తప్ప రోజూ అదే కుర్చీలో తిన్నాడు.

అక్కడి కుర్చీలన్నీ ఎంతో కొంత వెచ్చగానే ఉండేవి. ఆ ఊళ్ళో తిండి బాగుంటే బాగుందని పైకి అనడం ఎవరికీ చేతకాదు. అనకుండా మింగిన మాట ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, కుర్చీలోకి పోయేది. చలికాలంలో నడుంనొప్పి ఉన్నవాళ్ళు కాస్త ముందుగా వచ్చి మంచి కుర్చీ చూసుకునేవారు. బొగ్గుల బండి ఆర్థర్ లేచిన కుర్చీ కోసం ముసలి మిసెస్ సగ్డెన్ పక్కన నిలబడి కాచుకునేది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ ఊరి బడిలో లెక్కలు చెప్పి, రోజూ అక్కడే తిన్న నాకు మాత్రం నా కుర్చీ ఏనాడూ గోరువెచ్చన దాటలేదు. మొదటి ముద్దకే "ఆహా" అనేసే తెలుగు నోరు మనది.

ఇంగ్లీషువాళ్ళ తిండికి లోకంలో ఉన్న పేరు మీరు వినే ఉంటారు. సముద్రం అవతలి వాళ్ళు తలుచుకుని తలుచుకుని నవ్వుతారు. పొద్దున్న పొయ్యెక్కించిన క్యాబేజీని మధ్యాహ్నం దాకా దించరని, మాంసాన్ని రెండుసార్లు చంపుతారని. నవ్వడానికి కారణం లేకపోలేదు. యుద్ధం వచ్చింది, పద్నాలుగేళ్ళు రేషను నడిచింది. గుడ్డు అంటే డబ్బాలో వచ్చే పసుప్పచ్చ పొడి అనుకుంటూ ఒక తరం పిల్లలు పెరిగారు. ఆ పిల్లలే పెద్దయి హోటళ్ళు పెట్టారు. పెడితే ఎలా ఉంటుంది మరి! కానీ నన్నడిగితే అంతకంటే పెద్ద కారణం వాళ్ళ మాట తీరు. ఆ కొండ ఊళ్ళలో మాటల తూకం వేరు. పాస్టరుగారి భార్య మాడిపోయిన కేకు పంపిస్తే "అద్భుతంగా ఉందండీ" అంటారు. నిజంగా నచ్చితే "తినొచ్చు" అంటారు. ప్రాణం లేచొస్తే "ఇంతకంటే అధ్వాన్నం తిన్నాను" అంటారు. పూటల పేర్లు కూడా అంతే. మధ్యాహ్నం భోజనం డిన్నరు, సాయంత్రం భోజనం టీ. దక్షిణ ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన డాక్టరుని ఒకళ్ళు టీకి పిలిస్తే, ఆయన ఇంట్లో కడుపు నిండా తిని, కప్పు టీయే కదా అని వెళ్ళాడు. పంది తొడ, బంగాళదుంపలు, మూడు రకాల ఊరగాయ ముందు పెట్టారు. మర్యాదకి అంతా తిని రెండు రోజులు తన మందు తనే వేసుకున్నాడు. సరే, ఆ కథ వేరు.

డెబ్భై నాలుగో సంవత్సరం మార్చిలో, వాన పడుతుండగా, పెవరెల్ అనే ఆయన చిన్న కారులో వచ్చాడు. దక్షిణాది మనిషి, మెత్తని మాట. ఇంగ్లండులో అసలైన ఇంగ్లీషు తిండి ఎక్కడ దొరుకుతుందో వెతికి పుస్తకం రాస్తున్నాడు. ఆయనకి తన దేశపు తిండంటే నిజమైన ప్రేమ, దానికున్న చెడ్డపేరు పోగొట్టాలని పట్టుదల. అయితే ఆ రోజు ఆయనకి ముక్కు ఎర్రముల్లంగిలా ఉబ్బిపోయేంత జలుబు.

"ఏం పెట్టమంటావు, బంగారం?" అంది డోరీన్. డోరీన్‌కి బస్సు డ్రైవరైనా, పాస్టరుగారైనా బంగారమే.

"మీ దగ్గర ఏది బాగుంటుందో అది."

"ఉన్నది పెడతాను, ఉండు."

ముందు బూరెలా పొంగి, గ్రేవీలో మునిగిన యార్క్‌షైర్ పుడ్డింగు వచ్చింది. దాని తర్వాత పిండిలో మాంసం కూరి కాల్చిన మీట్‌పై, పక్కన ఎర్ర క్యాబేజీ ఊరగాయ. ఆఖర్న కస్టర్డ్ పోసిన జామ్ చుట్ట. పెవరెల్ కంచం ఖాళీ చేసి, ముక్కు తుడుచుకుని, లేచి నిలబడ్డాడు.

"మీ అందరూ క్షమించాలి. జలుబు వల్ల నాకు రుచి తెలియలేదు. తెలియకుండా రాస్తే అన్యాయం. రోజూ తినేవాళ్ళు మీరు, కాస్త చెప్పండి, ఇక్కడ భోజనం ఎలా ఉంటుంది?"

జనం కంచాల్లోకి చూసుకున్నారు. అలాంటి ప్రశ్న అక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు.

చివరికి మిసెస్ సగ్డెన్ గొంతు సవరించుకుంది. "నేను ఇంతకంటే అధ్వాన్నం తిన్నాను, నాయనా."

వంటగదిలో ఎల్సీ చెవులు ఎర్రబడ్డాయి.

"కడుపులో నిలుస్తుంది," అన్నాడు ఆర్థర్.

పెవరెల్ రాసుకుంటూ క్లిఫర్డ్ వైపు తిరిగాడు. "మీరో? ఎన్నాళ్ళుగా తింటున్నారు?"

"పంతొమ్మిదేళ్ళు."

"రోజూనా! అయితే మీ మాటే ముఖ్యం. ఎలా ఉంటుంది?"

క్లిఫర్డ్ చాలాసేపు ఆలోచించాడు. "తినొచ్చు," అన్నాడు.

"అంతేనా? మరి రోజూ ఎందుకు వస్తారు?"

"బస్టాండుకి దగ్గర."

పెవరెల్ నిట్టూర్చి పుస్తకం మూశాడు. వెళుతూ వెళుతూ వంటగది కిటికీ దగ్గర ఆగి, "అద్భుతమైన భోజనమమ్మా, మహాద్భుతం" అని ఎల్సీకి చెప్పి వానలోకి వెళ్ళిపోయాడు.

డోరీన్ ఆయన లేచిన కుర్చీ మీద చెయ్యి వేసి చూసింది. "పాపం, నచ్చలేదు. మంచుగడ్డలా ఉంది," అంది.

ఆగస్టులో పుస్తకం అచ్చయి వచ్చింది. హార్డెన్‌షాకి అందులో నాలుగు వాక్యాలు దక్కాయి: బస్టాండు ఎదుట ఒక భోజనశాల ఉంది. వడ్డన ధారాళం. పంతొమ్మిదేళ్ళుగా తింటున్న పెద్దమనిషి సైతం తినవచ్చు అన్నంత వరకే చెప్పగలిగారు, బస్టాండుకి దగ్గర కనుక వస్తారట. ఆకలితో బస్సు కోసం కాచుకున్నవాళ్ళకి తప్ప సిఫారసు చేయలేను.

పోస్టాఫీసులో ఆ పేజీ చదివిన రోజు ఊరు ఊరంతా మురిసిపోయింది. "తినొచ్చు అని అచ్చులో వేశారే! లండన్‌లో చదువుతారు!" అని మిసెస్ సగ్డెన్ దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పింది. తన మాట వెయ్యనందుకు మాత్రం కొంచెం నొచ్చుకుంది. ఎల్సీ ఆ పేజీని పిండి డబ్బా కింద దాచుకుని, ఎవరూ లేనప్పుడు తీసి చదువుకునేది.

అది ఆవిడ అక్క మేబెల్ వచ్చేదాకా. మేబెల్‌కి మోర్కాంబ్‌లో సముద్రం ఒడ్డున గదులు అద్దెకిచ్చే ఇల్లుంది. నాలుగు ఊళ్ళవాళ్ళతో మెలిగిన మనిషి, మాటని ఊరి బయట ఎలా తీసుకుంటారో తెలిసినది. కళ్ళజోడు పెట్టుకుని నాలుగు వాక్యాలూ పైకి చదివింది.

"ఇదేనా నువ్వు దాచుకుంటున్నది? నిన్ను తిట్టాడే!"

"తిట్టలేదక్కా. తినొచ్చు అంటే ఇక్కడ..."

"ఇక్కడ ఏమిటో నాకు తెలీదా? నేనూ ఇక్కడే పుట్టాను. తినొచ్చు అంటే బ్రహ్మాండం అని కొందరికి. తినొచ్చు అంటే తినొచ్చు అనే కొందరికి. ఈ బస్సులాయన ఏ రకమో నీకు చెప్పాడా?"

ఎల్సీ ఆ పేజీ అందుకుని మడతపెట్టింది.

"బస్టాండుకి దగ్గరని వస్తున్నానన్నాడు. నిజంగా అందుకే వస్తున్నాడేమో, ఎప్పుడైనా ఆలోచించావా?"

"ఆయన కుర్చీ వెచ్చగా ఉంటుంది."

"కిటికీ పక్కది. ఎండ తగులుతుంది."

"ఎండా? హార్డెన్‌షాలోనా?"

మేబెల్‌కి నవ్వొచ్చింది, అయినా వదల్లేదు. "సరే, వెచ్చనే అనుకో. ఆ వెచ్చన దేని గురించి? మీట్‌పై గురించి. వండిన మనిషి గురించి అని ఎక్కడైనా రాసుందా? పొద్దున్న లేస్తే నీకు మోకాళ్ళు వంగవు. నా దగ్గర పై గది ఖాళీగా ఉంది. కిటికీ తీస్తే సముద్రం. వచ్చెయ్యవే."

స్టాన్లీ పోయిన తర్వాత పదకొండేళ్ళలో ఎల్సీ తనకి తను ఒప్పుకోని సంగతి ఒకటుంది. పన్నెండూ పది అయ్యేసరికి ఆవిడ తడిచేత్తో జుట్టు సరిచేసుకునేది. మేబెల్ అడిగింది సరిగ్గా ఆ చోట గుచ్చుకుంది. మీట్‌పై గురించే అయితే ఇక మోకాళ్ళు పాడుచేసుకోవడం దేనికి? వారం రోజులు ఆలోచించి, సెప్టెంబరు ఆఖరి శనివారం మధ్యాహ్నంతో మూసేస్తున్నానని తలుపు మీద కాగితం అంటించింది.

జనం చదివారు. "అలాగా," అన్నారు.

"మోర్కాంబ్‌లో గాలి మంచిది," అన్నాడు ఆర్థర్.

క్లిఫర్డ్ కాగితాన్ని రెండుసార్లు చదివి, టోపీ తీసి, లోపలికి వచ్చి, మీట్‌పై తిన్నాడు.

వెళ్ళొద్దని ఒక్కరూ అనలేదు. కానీ మర్నాటి నుంచి కుర్చీలు కాగసాగాయి. రెండో వారానికి జనం కింద వార్తాపత్రిక మడిచి వేసుకుని కూర్చున్నారు. మూడో వారానికి ఇంటి నుంచి దిండ్లు తెచ్చుకున్నారు. బల్లల మీద వెన్న నిలవడం మానేసింది. పొయ్యి వెలిగించకుండానే కిటికీల నిండా ఆవిరి. క్లిఫర్డ్ కుర్చీలో పెట్టిన పిండి అరగంటలో పొంగి, గిన్నె దాటి, కుర్చీ కాళ్ళ మీదుగా నేలకి దిగేది. "ఈ ఏడు సెప్టెంబరు ఉక్కగా ఉంది," అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. బయట అందరూ స్వెట్టర్లు వేసుకుంటున్నారు.

నేల మీది పిండి నాలుగు రోజులు వరసగా గీకేసరికి డోరీన్‌కి ఓపిక పోయింది. చేతిలో గరిటతోనే బస్టాండుకి వెళ్ళి క్లిఫర్డ్‌ని పట్టుకుంది.

"నీకు నోరుందా?"

"ఉంది."

"తినడానికేనా అది?"

క్లిఫర్డ్ చేతిలోని రాతపలక వైపు చూశాడు. "నేనేం చెయ్యాలి, డోరీన్?"

"శనివారం ఆవిడ వెళ్ళిపోతోంది. వెళ్ళేలోగా ఒక మంచి మాట చెప్పు. ఒకే ఒక్కటి. నీ సొమ్మేం పోయింది?"

"ఏమని చెప్పను?"

"అదీ నేనే చెప్పాలా, బంగారం? పుస్తకాలు రాసేవాళ్ళు అంటారే, అలాంటి మంచి మాట ఏదైనా!"

పాపం క్లిఫర్డ్ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. పుస్తకాలు రాసే మనిషి ఆ భోజనశాలలో అన్న మాట ఒకటి ఆయనకి గుర్తుంది. మూడు రోజులపాటు బస్సు వేళల బోర్డు వైపు మొహం పెట్టి, పెదవులు కదిలిస్తూ దాన్ని వల్లె వేశాడు.

ఆఖరి శనివారం భోజనశాల కిక్కిరిసిపోయింది. చోటు లేక గోడకి ఆనుకుని తింటున్నారు. మేబెల్ రెండు పెట్టెలు సర్దించి గుమ్మం పక్కన పెట్టుకుని కూర్చుంది. టాక్సీ మూడింటికి. క్లిఫర్డ్ పన్నెండూ పదికి వచ్చి, దిండు వేసుకోకుండానే కూర్చుని, కంచం బ్రెడ్డు ముక్కతో తుడిచి తినేసి, టోపీ చేత్తో పట్టుకుని వంటగది కిటికీ దగ్గరికి నడిచాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన అటు నడవడం అదే మొదలు. ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది.

"మిసెస్ బారక్లఫ్."

ఎల్సీ చేతులు ఏప్రానుకి తుడుచుకుంది. "చెప్పండి, మిస్టర్ అట్లీ."

"మీ భోజనం..." క్లిఫర్డ్ నుదురంతా చెమట. "అద్భుతంగా ఉందండీ. మహాద్భుతం."

హాల్లో ఎవరో ఊపిరి గట్టిగా లోపలికి పీల్చారు.

ఎల్సీ మొహంలో రక్తం లేదు. "అద్భుతమా?"

"అవునండీ."

"సరేనండీ. థాంక్స్," అని ఆవిడ కిటికీ తలుపు మెల్లగా మూసేసింది.

క్లిఫర్డ్ టోపీ పెట్టుకుని, కస్టర్డ్ ముట్టుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

"ఇన్నేళ్ళు వండిపెట్టిన మనిషిని పట్టుకుని ఎంత మాటన్నాడు!" అంది మిసెస్ సగ్డెన్.

డోరీన్ ట్రేలో మొహం దాచుకుంది. "నేనే చెప్పమన్నాను. ఆ మాట అంటాడని నేనేమైనా కలగన్నానా!"

పావుగంట తర్వాత ఎల్సీ కళ్ళు కడుక్కుని ఇవతలికి వచ్చింది. ఏడ్చినా నవ్వినా ఎంగిలి కంచం బల్ల మీద ఉండడం ఆవిడకి పడదు. క్లిఫర్డ్ కంచం తియ్యబోయి వంగేసరికి మోకాళ్ళు పట్టేశాయి. బల్ల పట్టుకుంది. కాళ్ళు మాట వినలేదు. ఆయన కుర్చీలోనే కూలబడింది.

ఆ హాల్లో ఆవిడ కూర్చోగా అంతకుముందు ఎవరూ చూడలేదు. అన్నేళ్ళూ కుర్చీలన్నీ తుడిచింది, జరిపింది, పిండి గిన్నెలు పెట్టింది, చేత్తో వేడి చూసింది. కూర్చోవడానికి ఎన్నడూ తీరింది కాదు.

వేడి ముందు మోకాళ్ళలోకి వచ్చింది. తర్వాత నడుంలోకి. ఆ తర్వాత ఎల్సీకి అందులో పొరలు పొరలుగా రోజులు తెలియసాగాయి, చేతివేళ్ళకి గుడ్డ నేత తెలిసినట్టు. మంచు పడి బస్సులు ఆగిన రోజు అందులో ఉంది. ఆ వేళ ఆయనకి డ్యూటీ లేకపోయినా రెండు మైళ్ళు నడిచి వచ్చాడు, ఆ రోజు బస్టాండుకి ఎవరూ రాలేదు. ఆవిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న రోజు ఉంది. కస్టర్డ్‌లో ఉప్పు చల్లుకుని అలాగే తిన్నాడు. స్టాన్లీని పాతిపెట్టిన మర్నాడు ఉంది. ఇంట్లో ఉండలేక వచ్చి పొయ్యి వెలిగిస్తే మీట్‌పైలన్నీ బొగ్గయ్యాయి. తక్కినవాళ్ళు అంచులు కెలికి వదిలేస్తే, ఆయన నల్లటి పెచ్చు దాకా తిని, ఇంకోటి వడ్డించమన్నాడు. ఆ రోజు వేడి తక్కిన రోజులన్నిటికంటే లోతుగా ఉంది.

మధ్యలో ఒకచోట చల్లగా తగిలింది. సన్నగా, ఖాళీ అరలాగా. ఎల్సీ కదిలి చూసింది. లెక్క వేసుకుంది. ఆరేళ్ళ కిందట తనకి ఫ్లూ వచ్చి మంచం పట్టిన రెండు వారాలు. డోరీన్ వండింది. అదే మాంసం, అదే పిండి, అదే పొయ్యి. డోరీన్ చేతి వంట తనదానికి తీసిపోదని అందరూ అన్నారు. క్లిఫర్డ్ ఆ పద్నాలుగు రోజులూ వచ్చాడు, తిన్నాడు, వెళ్ళాడు. కుర్చీకి ఒక్క ఆవగింజంత వెచ్చన కూడా అంటలేదు.

ఎల్సీ అరగంట అలా కూర్చునే ఉంది. జనం ఎవరి కంచాలు వాళ్ళు తీసుకున్నారు. ఆర్థర్ లోపలికి వెళ్ళి కస్టర్డ్ గిన్నె తెచ్చి అందరికీ వడ్డించాడు. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ చాలా కష్టపడ్డారు.

ఆవిడ లేచి నేరుగా గుమ్మం వైపు నడిచింది.

"కోటు వేసుకోకుండా ఎక్కడికే?" అంది మేబెల్.

"బస్టాండుకి."

"మనం వెళ్ళేది టాక్సీలో కదే!"

"నువ్వు వెళ్ళక్కా. ఒక పెట్టె నాది, అది ఇక్కడే ఉంచు."

బయట వాన. హాలిఫాక్స్ వెళ్ళే ఒంటిగంటన్నర బస్సు ఇంజను వేసుకుని సిద్ధంగా ఉంది. క్లిఫర్డ్ పలక చేత్తో పట్టుకుని మెట్టు పక్కన నిలబడ్డాడు. ఏప్రానుతో, తడుస్తూ రోడ్డు దాటి వస్తున్న ఎల్సీని చూసి ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఆ మాట నీకెవరు నేర్పారు?" అంది ఎల్సీ.

ఆ కొండల్లో పాతవాళ్ళ నోట మీరు, నువ్వు అనే తేడా ఇంకా ఉంది. ఆవిడ ఆయన్ని నువ్వు అనడం బస్సులో ముందు వరసవాళ్ళందరికీ వినిపించింది. కిటికీలు ఒకటొకటిగా కిందికి దిగాయి.

"పుస్తకాలాయన అన్నాడు కదా. మంచి మాట చెప్పమని డోరీన్ అంది."

"ఇంకెప్పుడూ అనకు."

"అనను."

"రేపు ఆదివారం. ఒంటిగంటకి మా ఇంటికి భోజనానికి రా. బీఫ్ రోస్టు చేస్తున్నాను. ఆలస్యం చేస్తే పుడ్డింగు కూలిపోతుంది, నాకు తెలీదు."

"మరి మోర్కాంబ్?"

"అదెక్కడికీ పోదు. వస్తావా, రావా?"

క్లిఫర్డ్ టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన ఏదో అడగాలనుకుని రెండుసార్లు మానుకున్నాడు. మూడోసారి అడిగాడు.

"నువ్వు కూడా కూర్చుంటావా? నాతోపాటు?"

"కూర్చుంటాను," అంది ఎల్సీ.

ఆవిడ వెనక్కి రోడ్డు దాటి, తలుపు మీది కాగితం చింపి, లోపలికి వెళ్ళేదాకా బస్సులో ఎవరూ కదల్లేదు. డ్రైవరు గేరు వెయ్యలేదు. అప్పుడు క్లిఫర్డ్ గడియారం చూసుకుని అదిరిపడి, ఈల ఊది, బస్సుని పంపించేశాడు. ఆరు నిమిషాలు ఆలస్యం. ఆయన చేతి మీదుగా ఒక బస్సు ఆలస్యంగా కదలడం ఎన్నడూ లేదు.

ఆలస్యమైతే కంపెనీకి కాగితం నింపి పంపాలి. బండి నంబరు, వేళ, ఆలస్యం ఎంత, కారణం. కారణం అన్నచోట తక్కిన ఇన్‌స్పెక్టర్లు పొగమంచు అనో, టైరు అనో, రోడ్డు మీద గొర్రెలు అనో రాసేవారు. క్లిఫర్డ్ అబద్ధం రాసే మనిషి కాదు. షెడ్డు కింద నిలబడి, పెన్సిలు నాలుకకి అద్దుకుని, చుట్టుపక్కల ఎవరైనా చూస్తున్నారేమో చూసుకుని, ఆ గళ్ళో 'సంతోషం' అని రాసి, కింద సంతకం చేశాడు.